పనికి వెళ్ళే గదులు

మంగళవారం ఉదయం నేను లేచేసరికి మా వంటగది ఇంట్లో లేదు.

తలుపు ఉంది. గడప ఉంది. గడప దాటితే మాత్రం గచ్చుకు బదులు పెరటి మట్టి కాలికి తగులుతుంది. గోడలు నిలబడిన మేర నేల లేత రంగులో ఉంది, ఏళ్ళ తరబడి పెట్టుకున్న గడియారం తీసేశాక మణికట్టు ఉన్నట్టు. కాఫీ ఫిల్టరు ఉండే వైపు అలవాటుగా చెయ్యి చాపుతాను. చేతికి కరివేపాకు చెట్టు తగులుతుంది. రెండు రెబ్బలు తుంపుకుని హాల్లోకి వచ్చేస్తాను.

నా పేరు త్రిపుర. అరవై ఆరేళ్ళు. కాకినాడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేరి, ఆపరేటర్లు అక్కర్లేని రోజులు వచ్చాక బిల్లుల సెక్షనులో కూర్చుని రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. ఈ ఇల్లు నాకు ఎవరూ ఇచ్చింది కాదు. చేతిలో నాలుగు రాళ్ళు కూడినప్పుడల్లా ఒక్కో గది కట్టుకుంటూ వచ్చాను. అందుకే మా గదుల వయసులు వేరు. నా పడకగది అన్నింటికంటే పెద్దది, దానికి ముప్ఫై ఆరేళ్ళు. వరండా అందరికంటే చిన్నది, పదకొండేళ్ళు.

మూడేళ్ళ కిందట తుఫానుకు పైకప్పు దెబ్బతింది. బ్యాంకులో అప్పు తీసుకుని మళ్ళీ వేయించాను. పింఛనులో సగానికి పైగా ఆ కప్పుకే పోతుంది. మిగిలింది ఇరవయ్యో తారీకు దాకా కూడా రాదు. అందుకని రెండు గదులు అద్దెకిచ్చాను. అది ఇంకో కష్టమైంది.

సోమవారం సాయంత్రం గిన్నెలు కడుగుతూ, ఈ ఇంట్లో ఎవరో ఒకరు పనికి వెళ్తే తప్ప గడిచేలా లేదని పైకే అన్నాను. అద్దెకున్న ఇద్దరూ వినాలని అన్నాను. వాళ్ళు వినలేదు. వంటగది విన్నది.

ముందుగా సోమరాజు గారు టీ కోసం వస్తారు. డెబ్భై రెండేళ్ళ మనిషి. జీవితమంతా భూములు కొలిచే ఉద్యోగం చేశారు. ఇప్పటికీ ఆ కొలిచే ఇనుప గొలుసు నడుముకు చుట్టుకునే తిరుగుతారు. వంటగది లేదని చెబుతాను. ఆయన తలుపు తీసి పెరడు చూసి, మళ్ళీ వేస్తారు.

"మరి టీ అండీ?"

"అది వంటగదిలో ఉందండి."

"అయితే ఉందన్నమాట" అని ఆయన తృప్తిపడి వెళ్ళిపోతారు.

ఆయన పదకొండు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. దానికి ఆయన చెప్పే కారణంలో తప్పు పట్టడం కష్టం. రోజూ పొద్దున్నే ఆయన తన గదిని కొలుచుకుంటారు. కొలిచినప్పుడల్లా అది జానెడు పెరుగుతుంది. తను అద్దెకు తీసుకున్నది పదికి పన్నెండు గది అనీ, ఇప్పుడు తనున్నది నలభైకి అరవై గది అనీ, ఇది ఆ గది కాదనీ, ఆ గది ఎక్కడుందో చూపిస్తే అద్దె ఆ రోజే ఇచ్చేస్తాననీ అంటారు. బయటి నుంచి చూస్తే ఆ గది ఎప్పుడూ ఉన్నంతే ఉంటుంది.

రెండో మనిషి ఎస్తేరు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి మానేసింది. యాభై ఎనిమిదేళ్ళు. మా ఇంటికి వచ్చిన రోజు ఒక ట్రంకు పెట్టె తెచ్చుకుంది. అందులో నాలుగు చీరలూ, సామర్లకోటలో ఉన్న అక్క మార్తమ్మతో ఆమెకున్న తగువూ ఉన్నాయి. మొదట్లో తగువు కోడిపెట్టంత ఉండేది. ఇప్పుడు దూడంత అయింది. దానికి రెండు గొంతులు. పొద్దస్తమానం సోఫా మీద పడుకుని తనలో తను వాదించుకుంటుంది, ఆకలైతే స్పూన్లు తింటుంది. ఎస్తేరు తన వరకు అద్దె సరిగ్గానే ఇస్తుంది. తగువుకు మాత్రం ఇవ్వదు, అది మనిషి కాదు కదా అంటుంది. సోఫాలో మూడొంతులు దానిదే.

సాయంత్రం ఐదున్నరకు వంటగది తిరిగి వస్తుంది. గేటు దగ్గర కాస్త పక్కకు తిరిగి, ఒళ్ళు ఒదిగించుకుని లోపలికి వచ్చి తన చోట తను కూర్చుంటుంది. గోడల నిండా ఎవరిదో పోపు చిట్లిన మరకలు. రామారావుపేటలో పెళ్ళిళ్ళకు వంటలు చేసే వాళ్ళ దగ్గర పని కుదిరిందని కిటికీ ఊచకు గుచ్చిన చీటీ చెబుతుంది. పొయ్యి గట్టు మీద అరిటాకు ముక్కలో చుట్టి కూలి డబ్బులున్నాయి. నేను తడిగుడ్డతో గోడలు తుడుస్తాను. గచ్చు వెచ్చగా ఉంది, ఎండలో నడిచి వచ్చిన పాదంలాగా. దానికి విశ్రాంతి దొరకాలని దీపం త్వరగా ఆర్పేస్తాను.

మర్నాడు అది మళ్ళీ వెళ్తుంది. ఆ వారంలోనే హాలు కూడా బయల్దేరుతుంది. ట్యూషన్లు చెప్పే ఒక మాస్టారికి పిల్లలను కూర్చోబెట్టడానికి చోటు లేదట. సాయంత్రం వచ్చాక కూడా హాలు గోడలు చాలాసేపు పదమూడో ఎక్కం అప్పజెబుతూనే ఉంటాయి. ఆ తర్వాత వరండా. భానుగుడి దగ్గర ఒక చిన్న డాక్టరు గారి ఆసుపత్రి ముందు రోగులు ఎండలో నిలబడుతున్నారని ఎవరో అనుకుంటుండగా విని, ఎవరినీ అడక్కుండా వెళ్ళిపోయింది.

ఆ నెల బ్యాంకు వాయిదా సరిగ్గా కడతాను. కౌంటరులో ఉన్న అమ్మాయి ఎక్కడిదని అడగదు. నేనూ చెప్పను.

ఇంట్లో మాత్రం పగలు కూర్చోవడానికి చోటుండదు. హాలు పనిలో ఉన్నంతసేపూ సోఫా పెరట్లో ఉంటుంది, సోఫా మీద తగువు ఉంటుంది. దాన్ని చూడ్డానికి వీధిలోని ఆవులు వచ్చి నిలబడతాయి. ఎస్తేరు భరించలేక దాన్ని తన గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకుంటుంది. లోపల దాని కాళ్ళు గోడలకు తగిలే చప్పుడు నా గదిలోకి వినిపిస్తుంది.

రెండో నెల మూడో గురువారం వరండా తిరిగి రాలేదు.

శుక్రవారం వెళ్ళి చూస్తాను. ఆసుపత్రి వాళ్ళు దానికి లేత నీలం రంగు వేయించారు. ఫ్యాను పెట్టారు. పద్నాలుగు ఇనుప కుర్చీలు, మూల ఒక మంచినీళ్ళ డ్రమ్ము. నేను దాన్ని కట్టించినప్పుడు ఫ్యానుకు డబ్బులు చాలలేదు. లోపలికి వెళ్ళాలంటే టోకెను తీసుకోవాలన్నారు. నాకు ముప్ఫై ఒకటి వచ్చింది. నా వరండాలో నేను నా వంతు కోసం గంటన్నర కూర్చుంటాను. అది నన్ను గుర్తుపట్టినట్టు కనబడదు.

డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని ఏమిటి బాధ అని అడుగుతారు.

"బయటున్న వరండా నాదండి" అంటాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళ నుంచి."

ఆయన తల పంకించి, పది రోజులకు మాత్రలు రాస్తారు. భోజనం తర్వాత వేసుకోమంటారు.

బయటికి వచ్చేసరికి ఒక ముసలామె కుర్చీలో నిద్రపోతోంది. ఆమె ముఖం మీదికి ఎండ జరుగుతోంది. వరండా తన చూరును మెల్లగా జానెడు కిందికి దించుతుంది. ఎండ ఆగిపోతుంది. నేను దాన్ని ఇంటికి రమ్మని పిలుద్దామనే వచ్చాను. పిలవను. స్తంభాన్ని ఒకసారి అరచేత్తో తాకి, షేర్ ఆటో ఎక్కుతాను.

వరండా కూలి ఆగిపోయింది కాబట్టి సోమరాజు గారి అద్దె ఎలాగైనా వసూలు చేయాలి. ఆయన నాలుగు రోజులుగా టీకి కూడా రావడం లేదు. శనివారం పొద్దున్నే రెండు ఇడ్లీలు, ఒక నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుని ఆయన గది తలుపు తీస్తాను. గుమ్మంలో నిలబడి పిలిస్తే నా గొంతు వెళ్తుంది గానీ ఎక్కడా తగలదు.

నడవడం మొదలుపెడతాను. ముందు ఆయన చెప్పులు వస్తాయి. కొంత దూరం పోయాక క్యాలెండరు, ఇంకొంత దూరానికి దండెం మీద ఆరిపోయిన బనీను. ఆ తర్వాత ఎర్రటి గచ్చు తప్ప ఏమీ లేదు. పైన ఫ్యాను గద్దంత చిన్నగా తిరుగుతోంది. మధ్యలో ఒకచోట కూర్చుని నీళ్ళు తాగుతాను. ఇది నా ఇల్లేనని గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఆయన కనిపిస్తారు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, గొలుసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గడ్డం మాసింది. నన్ను చూసి లేవబోయి, లేవలేక కూర్చుంటారు. ఇడ్లీలు రెండూ తిన్నాక మాట వస్తుంది. తలుపు ఎంత దూరముందో చూసుకుని బయల్దేరదామనుకున్నారట. కొలిస్తే అది ఇంకా దూరం పోయిందట. మళ్ళీ కొలిచారట.

"కొలవకుండా రండి" అంటాను.

"ఎంత దూరమో తెలీకుండా ఎలా నడుస్తారండీ?"

నేను ఆయన ముంజేయి పట్టుకుని లేపుతాను. అడుగులు లెక్కపెట్టకుండా ఉండటానికి ఏదైనా మాట్లాడమంటాను. ఆయన, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏలేరు కాలవ పక్కన ఒక చేను కొలిచిన సంగతి చెబుతారు. అన్నదమ్ములు పంచుకుంటున్న చేను. పెద్దవాడు ఆయనకు కోడికూరతో భోజనం పెట్టాడు. చిన్నవాడి ఇంట్లో వండడానికి ఏమీ లేదు. ఆయన సరిహద్దు రాయిని చిన్నవాడి వైపు జానెడు జరిపి పాతారు. ఎవరికీ తెలియలేదు. చిన్నవాడు ఆ రాయి పక్కనే నిలబడి దండం పెట్టాడు.

"అప్పట్నుంచీ ఏది కొలిచినా జానెడు ఎక్కువే వస్తందండి" అంటారు.

నేను ఆ చిన్నవాడి పేరేమిటని అడుగుతాను. ఆయన చెబుతారు. ఆ పేరు పలికేసరికి తలుపు మా ముందే ఉంది. నేను సగం రోజు నడిచి వెళ్ళిన దూరానికి, వచ్చేటప్పుడు పావుగంట కూడా పట్టలేదు. ఆయన గొలుసు విప్పి నా చేతికి ఇస్తారు. దాన్ని పెరటి గోడకు మేకు కొట్టి తగిలిస్తాను. అద్దె సంగతి అడగడం మరిచిపోయానని మర్నాటికి గానీ గుర్తుకు రాదు.

ఈలోగా ఎస్తేరు మాటల చివర్లు తెగిపోవడం మొదలవుతుంది. గదిలో స్పూన్లు లేవు కదా, తగువు ఆమె నోట్లోంచి వచ్చే మాటలనే తింటోంది. ప్రతి వాక్యంలో చివరి మాట దానికి ఇష్టం.

"అక్కా, నేను మార్తమ్మ దగ్గరికి..." అంటుంది.

వెళ్ళిందో, వెళ్తుందో, వెళ్ళదో తెలియదు. ఆమెకూ తెలియడం లేదు. ఉప్పు అడగడానికి వచ్చి, ఉప్పు అని నిలబడిపోతుంది. మూడో రోజున వచ్చి నా మంచం మీద కూర్చుని, "అక్కా, నాకు" అని ఆగిపోతుంది. ఈ ఏడాదిలో ఆమెను ఖాళీ చేయించాలని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ మాట నోటిదాకా రాదు.

ఆమె గదిలోకి వెళ్ళి తగువు పక్కన కూర్చుంటాను. అది గదిలో ముప్పాతిక భాగం ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. మెడ కింద చెయ్యి పెట్టి తడిమితే రెండు గొంతులూ చిక్కుపడి దొరుకుతాయి. ఇన్ని నెలలూ గోడ అవతల నుంచి విన్న గొంతులే కాబట్టి ఏది ఎవరిదో నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళు స్విచ్చిబోర్డు ముందు కూర్చుని తీగలు గుచ్చి ఊళ్ళు కలిపిన వేళ్ళు నావి. ఒక కొస ఎస్తేరు చేతిలో పెడతాను. రెండోది కిటికీలోంచి ఉత్తరం వైపు విసురుతాను. కాసేపటికి అది బిగుసుకుంటుంది.

"సామర్లకోట, లైన్లో ఉండండి" అంటాను. "కాకినాడ మాట్లాడుతుంది."

మార్తమ్మ గొంతు వస్తుంది, దూరంగా, అలసటగా. తను అన్న మాటే మళ్ళీ అంటుంది. వాళ్ళ అమ్మ పోయే రోజున ఎస్తేరు పేరే పిలిచిందనీ, నాలుగుసార్లు పిలిచిందనీ, ఎస్తేరు రాలేదనీ. ఎస్తేరు కొసను నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది. అది అబద్ధమనీ, తనను బాధపెట్టడానికే అలా చెబుతోందనీ చెప్పబోతుంది. చివరి మాటలు లేకపోయినా అర్థమవుతుంది.

కొస ఇంకోసారి బిగుసుకుంటుంది.

"పక్కన నేనున్నానే" అంటుంది మార్తమ్మ. "తొమ్మిది నెలలు మంచం దగ్గర నేనున్నాను. నన్నొక్కసారి పిలవలేదు. అది ఎవరితో చెప్పుకోను? నీతో చెప్పాను."

తగువు ఊపిరి తీసుకోవడం ఆపి వింటోంది. ట్రంకు కాల్లో మూడు నిమిషాలకోసారి అడిగే పాత అలవాటు నోటికి వస్తుంది.

"మూడు నిమిషాలైంది. పొడిగించమంటారా?"

"పొడిగించండి" అంటుంది ఎస్తేరు.

మూడు రోజులలో ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి పూర్తి మాట అది. నేను పొడిగిస్తాను. తర్వాత ఇంకో మూడు, ఇంకో మూడు. నేను వినను. వినకుండా లైను పట్టుకోవడం మాకు నేర్పించారు. మాటలు ముగిసే వేళకు తగువు కోడిపిల్లంత అయింది. సాయంత్రానికి నిమ్మకాయంత. ఎస్తేరు దాన్ని గుండీల డబ్బాలో వేసి మూత పెడుతుంది. అప్పుడప్పుడు లోపల గుండీలు గలగలమంటాయి, అంతే.

పన్నెండో తారీకు పదకొండు గంటలకు బ్యాంకు నుంచి జోగారావు గారు స్కూటరు మీద వస్తారు. నెమ్మదైన మనిషి. వరండా లేకపోవడంతో ఇల్లు ఎక్కడ మొదలవుతుందో ఆయనకు తెలియక, చెప్పులు ఎక్కడ విప్పమంటారని అడుగుతారు. మట్టిలోనే విప్పమంటాను. వంటగదీ హాలూ పనిలో ఉన్నాయి కాబట్టి నిలబెట్టే మాట్లాడాల్సి వస్తుంది. పాతవీ కొత్తవీ కలిపి నాలుగు వాయిదాలు పడిపోయాయనీ, ఈ నెలాఖరులోగా కట్టకపోతే ఇల్లు బ్యాంకు తీసుకుంటుందనీ చెప్పి, కాగితం మీద నా సంతకం తీసుకుంటారు. ఆ మాట చెప్పడం తనకూ ఇష్టం లేదంటారు. అది నిజమేననిపిస్తుంది.

నా చేతిలో కలం బరువుగా ఉంది. ముప్ఫై ఆరేళ్ళు అన్న మాట ఎక్కడో లోపల తిరుగుతోంది.

అప్పుడు సోమరాజు గారు మేకు నుంచి గొలుసు తీసుకుంటారు.

"నెలాఖరు ఎంత దూరముందో చూస్తానుండండి" అంటారు.

గేటు దగ్గర గొలుసు ఒక కొస పెట్టి వీధిలోకి నడుస్తారు. నెలాఖరు మూడిళ్ళ అవతల, విద్యుత్ స్తంభం పక్కన నిలబడి ఉంది. పద్దెనిమిది రోజులు. ఆయన కొలుస్తారు. అది కిళ్ళీకొట్టు దాకా పోతుంది. మళ్ళీ కొలుస్తారు. కొట్టు దాటుతుంది. మూడోసారికి అది కాలవ వంతెన మీద చిన్న చుక్కలా కనిపిస్తుంది. ఆయన చొక్కా తడిసిపోయింది. ఇన్ని రోజులూ కొలవకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు.

జోగారావు గారు కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తారు. నెలాఖరు అని రాసి ఉంది గానీ అది ఎంత దూరంలో ఉండాలో బ్యాంకు నిబంధనల్లో లేదనీ, తనకు అభ్యంతరం లేదనీ అంటారు. దారిలో ప్రతి రోజుకూ వడ్డీ మాత్రం పడుతుందని చెబుతారు.

నేను ఆ చుక్కను చూస్తాను. అక్కడి దాకా నడవాల్సింది నేను. ఆ గదిలో నడిచిన సగం రోజు గుర్తుకొస్తుంది, ఆ ఎర్రటి గచ్చు, దేనికీ తగలని నా గొంతు.

"సోమరాజు గారూ, ఇంక కొలవకండి."

"ఇంకో నెల లాగుతానండి. నాకు శ్రమేం లేదు."

"వద్దండి. దగ్గరగానే ఉండనివ్వండి."

ఆయన అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోతారు. వంతెన మీది చుక్క కాసేపు తటపటాయించి, నడుచుకుంటూ వెనక్కి వచ్చి విద్యుత్ స్తంభం పక్కన నిలబడుతుంది.

డబ్బు కాకుండా బ్యాంకు ఇంకేమైనా తీసుకుంటుందా అని అడుగుతాను. జోగారావు గారు కాగితాలు తిప్పి చూస్తారు. ఒక గదిని తీసుకుని అప్పు మొత్తం కొట్టేయవచ్చట. అయితే అది ఇంట్లో అన్నింటికంటే పాత గది అయి ఉండాలి, తనంతట తను రావాలి.

సోమరాజు గారు తన గది తీసుకోమంటారు. జోగారావు గారు తలుపు తీసి లోపలికి ఒకసారి చూసి, చాలా మర్యాదగా మూసేస్తారు.

"అక్క గది వద్దండి" అంటుంది ఎస్తేరు. "నా గది తీసుకెళ్ళండి. నేను ఎక్కడైనా పడుకుంటాను." ఒక్క మాట కూడా తెగకుండా చెబుతుంది. కానీ ఆమె గదికి పంతొమ్మిదేళ్ళే.

నేను నా గదిలోకి వెళ్తాను. దిండు, చీరల మూట, పింఛను కాగితాలు తీసుకుంటాను. పదికి పది గది. పగలంతా ఊళ్ళో వాళ్ళ గొంతులన్నీ ఒకదానికొకటి కలిపి వచ్చాక, తలుపు గడియ వేసుకుని, నన్ను ఎవరూ పిలవని చోట మొదటిసారి పడుకున్నది ఇక్కడే. అప్పటికి కిటికీకి తలుపులు లేవు, గోనెపట్టా కట్టుకున్నాను. గోడకు నుదురు ఆనించి కొంతసేపు ఉంటాను. తర్వాత బయటికి వచ్చి, వెళ్ళమని చెబుతాను.

గది లేస్తుంది. నెమ్మదిగా గేటు దాటి స్కూటరు వెనకాల నిలబడుతుంది. జోగారావు గారు అప్పు తీరినట్టు కాగితం రాసిచ్చి, అది అందుకోగలిగేంత నెమ్మదిగా బండి నడుపుతారు. మధ్యమధ్య వెనక్కి చూసుకుంటారు. వీధి మలుపులో గది ఒక్క క్షణం ఆగుతుంది. కిటికీ తలుపులు రెండూ తనే వేసుకుంటుంది. మలుపు తిరుగుతుంది.

నా భుజాల మధ్య ఎక్కడో గడియ తీసిన చప్పుడవుతుంది. అది బాధో, ఇంకేమిటో నాకు తెలియదు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంటాను.

సాయంత్రం వంటగది వచ్చి సంగతి తెలుసుకుంటుంది. ఆ తర్వాత అది వారానికి రెండు రోజులే వెళ్తుంది, అలవాటు కొద్దీ. హాలు పూర్తిగా మానేసింది. సోమరాజు గారు గొలుసును పాత ఇనుము కొనే వాడికి అమ్మేస్తారు. కాటా మీద ఎంత తూగిందో తను చూడలేదట, కళ్ళు మూసుకున్నారట. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఒక నెల అద్దె నా చేతిలో పెడతారు. మిగతా నెలల మాట ఎత్తరు. టీలో పంచదార తగ్గిందని మాత్రం అంటారు. నేను ఎస్తేరు గదిలో పడుకుంటున్నాను. ఆమె గురక పెడుతుంది, పెట్టనంటుంది. ఆ విషయమై మా ఇద్దరికీ మధ్య పెసరగింజంత ఒకటి పుట్టింది. దాన్ని ఇంకా ఎందులోనూ దాచలేదు.

శుక్రవారం ఉదయం, నా గది ఉన్న చోట, మట్టిలోంచి నల్లగా సన్నగా ఏదో మొలుస్తుంది. గడ్డి అనుకుని గుప్పెట పట్టి లాగుతాను. నేల ఉలిక్కిపడుతుంది. వదిలేసి, వంగి చూస్తాను. వెంట్రుకలు.

ఆదివారానికి అవి నా మోకాళ్ళ దాకా వస్తాయి. ఒత్తుగా, కొంచెం చిక్కులు పడి, నాలుగు వైపులా గోడలున్న మేర సరిగ్గా ఆగాయి. ఎస్తేరు కొబ్బరినూనె సీసా మొత్తం తెచ్చి వొంపి, వేళ్ళతో కుదుళ్ళలోకి మర్దన చేస్తుంది. సోమరాజు గారు ఎంత పొడుగున్నాయో అనుకుంటూ నడుము తడుముకుని, అక్కడ ఏమీ లేకపోవడంతో కూర్చుని తన ముందున్న చిక్కు తీస్తారు. చిక్కు తీసేకొద్దీ అవి పెరిగి, మధ్యాహ్నానికి మా తలలు దాటుతాయి. మధ్యలో పాపిడి తీస్తే తూర్పు నుంచి పడమటి దాకా లేత రంగు మట్టి తిన్నగా కనబడుతుంది.

మూడు పాయలు చేస్తాను. ఒకటి నేను పట్టుకుంటాను, ఒకటి ఎస్తేరు, ఒకటి సోమరాజు గారు. భుజాల మీద వేసుకుని, ఒకరి ముందు నుంచి ఒకరం దాటుతూ అల్లుకుంటూ పెరట్లోకి నడుస్తాం. ఆయన తప్పు వైపు నుంచి వస్తారు, ఎస్తేరు కసురుకుంటుంది, మళ్ళీ విప్పి మళ్ళీ అల్లుతాం. బావి దగ్గరికి వచ్చేసరికి జడ చివర నా చేతిలోకి సన్నంగా వస్తుంది.

ఏ రంగు రిబ్బను కట్టమంటావని వంగి నేలను అడుగుతాను.

నేల మెల్లగా తల ఎత్తుతుంది. ఇల్లూ మేమూ కాస్త వెనక్కి ఒరుగుతాం. పెరట్లో ఒకటీ, రెండు వీధుల అవతల ఒకటీ, దాని కళ్ళు తెరుచుకుంటాయి.